మంద కట్టిన మడి

మదరాసునుండి కలకత్తాకు పోవు రాచబాటలో, పొన్నేరి దాటి గుమ్మిడిపూండి చేరకముందు, ఆరణియేటికి ఉత్తరముగా నున్నది కవరైపేట్టై. పడమట సత్యవేటికి పోవు దారి యిచటనే చీలును. తూర్పున కొంతదూరములో పులికాటు సరస్సు ఒడ్డునుండు ఉప్పునేల మొదలగును. నడుమనున్న దంతయు అనాదిగా చెఱువులక్రింద సాగైన మాగాణి. ఈశాన్యపు వానలకు ఆశ్వయుజ కార్తికములలో చెఱువులు నిండి, సంక్రాంతి యటునిటుగా సంబా వరి కోతకు వచ్చి, ఫాల్గుణము గడచునప్పటికి ఈ మడులన్నియు కొయ్యకాళ్లతో ఎండి, నెఱ్ఱెలువాసి పడియుండెడివి. నాగలికి పనిలేని ఆ నెలలలోనే గొఱ్ఱెల మందలు దిగెడివి. మనుష్యుడు మాంసము తినుటను భూమి చిరకాలము భరింపగలదా యని నేడు లోకమంతట విద్వాంసులు చర్చించుచున్నారు. ఆ చర్చలోనికి దిగువారు, ఈ యెండిన మడులలో ఆ మందలు తరతరములుగా ఏమి చేసెనో మొదట తెలిసికొనవలెనని నా కోరిక.

రైతునకు వచ్చు సంవత్సరపు సేద్యము మంద కట్టించుటతోనే యారంభమగుచుండెను. తమిళులు కిడై యనునదియు, పట్టి యనునదియు ఇదియే. గొల్లలు పగలంతయు జీవములను కొయ్యకాళ్లలోను, చెఱువుగట్ల మీదను, ఏటి పోరంబోకులలోను మేపి, ప్రొద్దు క్రుంకువేళకు, ముందుగా మాటాడుకొన్న రైతు మడికి తోలుకొనివచ్చి, చుట్టును తడకలు నిలిపి, ఆ దడిలో రాత్రియంతయు నుంచెడివారు. పసి గొఱ్ఱెపిల్లలను నక్కలకును ఊరకుక్కలకును చిక్కకుండ పెద్ద గంపలక్రింద మూసి, తాము దడి ప్రక్కనే కంబళి పఱచుకొని కాపుండెడివారు. నేర్పరియైన కాపరి నడిరేయి నొకసారి మందను లేపి అటునిటు కదలించును. పండుకొని లేచిన గొఱ్ఱె ముందుగా మూత్రము విడుచును గనుక, ఆ చిన్న పనివలన మడికి దక్కెడి సారము హెచ్చును. మఱునాడు తడకలు పీకి ప్రక్కకు జరిపి, అట్లు కొన్ని రాత్రులలో మడి యంతయు ఒక మూల విడువకుండ త్రొక్కించి, తొలకరి జల్లు పడగానే పైపైన దున్ని పెంటను మట్టిలో గలిపెడివారు. ఇందుకు ప్రతిఫలముగా రాత్రి కింతయని గొల్లలకు ధాన్యము కొలిచి, కాపున్నవారికి అన్నమో సంకటియో పంపెడివారు. ఇప్పటికిని అక్కడక్కడ ఈ పద్ధతి సాగుచునే యున్నది, కాని కొలత ధాన్యమునుండి రూపాయలలోనికి మాఱినది.

గొఱ్ఱెపెంటలో నూటికి 3 పాళ్లు నత్రజని, 1 పాలు భాస్వరము, 2 పాళ్లు పొటాషు ఉండునని వ్యవసాయ పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి. సామాన్యముగా పెంటదిబ్బనుండి తోలిన యెరువులో నత్రజని అరపాలును మించదు. పశువుల పేడకు మఱియొక గండము కలదు. 1889లో దొరతనమువారు పిలిపింపగా మనదేశమునకు వచ్చి, 1893లో తన నివేదికను ప్రకటించిన వోయెల్కరు అను రసాయనశాస్త్రజ్ఞుడు, ఇచటి రైతు తెలివితక్కువవాడు కాడనియు, వంటచెఱకు దొరకకపోవుటచేతనే పేడను పిడకలు చేసి పొయ్యిలో పెట్టుచున్నాడనియు స్పష్టముగా వ్రాసెను. గొఱ్ఱెపెంటకు ఆ గండము లేదు. అది పడవలసిన చోటనే పడును. మోయుటకు బండి యక్కఱలేదు, ఎత్తుటకు కూలి యక్కఱలేదు, మూత్రము సయితము వృథా కాక నేరుగా నేలలోనికి దిగును. చెఱువు పోరంబోకులోను, గట్లమీదను, గుట్టల వాలులలోను మనుష్యుని నోటికి పనికిరాక మొలచిన గడ్డి, కంప, ఆకు, కాయ, ఇవన్నియు నాలుగుకాళ్లమీద నడచివచ్చి వరిమడిలో పడుచుండెనన్నమాట.

మంద యొక్క లెక్క తెలిసినగాని ఇందులో మాంసమునకు గల స్థానము బోధపడదు. ఈ ప్రాంతపు గొఱ్ఱెలు ఉన్నినిచ్చునవి కావు. చెంగల్పట్టు, తిరువళ్లూరు సీమలది మదరాసు ఎఱ్ఱ గొఱ్ఱె. గోధుమవన్నె వెండ్రుకలతో, ఉక్కకును తేమకును ఓర్చు చిన్న జాతి. ఉత్తరమునుండి వచ్చు మందలలో నెల్లూరు జాతి యుండును. పొడవాటి కాళ్లతో, దూరమునుండి చూచినవారు మేకయని భ్రమించునట్టి యెత్తుతో, భారతదేశపు గొఱ్ఱెలలో నెల్ల ఉన్నతమైన దిది. తెల్లనిది పల్ల, మొగముపై నల్లమచ్చలు గలది జోడిపి, గోధుమవన్నెది దోర. గొల్లవాని యాస్తి ఆడు గొఱ్ఱెలే. వానిని ఈతలుడుగువఱకు అమ్మడు. ఇరువది ముప్పది గొఱ్ఱెలకు ఒక విత్తనపు పొట్టేలు చాలును గనుక, పుట్టిన మగపిల్లలలో మిక్కిలి తక్కువ భాగమే మందలో మిగులును. తక్కినవియు, ముసలి గొఱ్ఱెలును కటికవాని చేతికి పోవును. కాబట్టి మంద నిలిచినది మడికి ఎరువుకొఱకును, గొల్లవానికి ధాన్యముకొఱకును. మాంసము ఆ వ్యవహారములో మిగిలిన శేషము. మేత యెంతయో మంద యంత, మంద యెంతయో మాంస మంత. ఆ హద్దును దాటించు సాధన మేదియు నాడు లేదు.

అందుచేత ఊరిలో మాంసము నిత్యభోజనము కాలేదు. జాతరకు ఒక పొట్టేలు, కనుమకు ఒకటి, పెండ్లికి, చావుదినమునకు, దూరపు చుట్టము వచ్చినపుడు. ఆదివారము కోసిన వేటను కొన్ని యిండ్లవారు కలసి పంచుకొనెడివారు. తాటాకు చాపమీదనో విస్తళ్లలోనో పోగులు పెట్టునపుడు ఆ పోగులను చూచిన ఆ నాటివారి మర్యాద తెలియును: ప్రతి పోగులోను తొడకండ కొంత, ప్రక్కటెముక కొంత, కార్జపుముక్క యొకటి, క్రొవ్వు కొంచెము. మెత్తని కండయంతయు ఒకరికి, ఎముకలు వేఱొకరికి పోవుట కుదురదు. తలకాయ, కాళ్లు కోసినవానికో, వంతు వచ్చిన యింటికో చెందును. బోటిని సున్నపునీటితో కడిగి శుభ్రముచేసి వండుదురు. నల్లను, అనగా నెత్తురును, సయితము పాఱబోయక ఉల్లిపాయలతో వేచుదురు. ఒక జీవమును చంపినందుకు దానిలో నేదియు చెడగొట్టరాదను నియమము వారికి చెప్పకయే తెలిసియుండెను.

వేటతోబాటు మడిలోనే దొరకు మాంసము మఱియొకటి కలదు. ఇరుళరులును, యానాదులును వరి పండినపుడు గట్లలోని యెలుక కన్నములను త్రవ్వి, ఎలుకలను పట్టి తినెడివారు. కన్నములో ఎలుక దాచిన వడ్లును వారివే. పంటను కాపాడి, పంటను తినుదానిని ఆహారముచేసికొని, దొంగసొత్తును మరల మనుష్యులకు దక్కించిన వారిని నాగరికులు అసహ్యించుకొనిరి. నేల భరింపగల మాంస మెట్టిదో తెలిసికొనగోరువారు మొదట నమస్కరింపవలసినది వీరికి.

తోలు కథయు వేదనతో కూడినదే. చచ్చిన యెద్దును, గేదెను ఊరిబయటికి లాగి, తోలొలిచి, తంగేటి చెక్కతో ఊనించి, మోటబావికి తొండమును, కాలికి చెప్పును, నాగలికి వారును తయారుచేసి యిచ్చినవారు మాదిగలు, చక్కిలియరులు, పఱయరులు. ఆ మాంసమును తినుటయు వారికి లేమి విధించినదే. ఊరిలో వ్యర్థము కాదగినదానిని ఉపయోగములోనికి తెచ్చు పనియంతయు వారి చేతుల మీదుగా జరిగినది; ఆ చేతులనే ఊరు తాకరానివని వెలివేసినది. పూర్వపు గ్రామములో ఏదియు వ్యర్థము కాలేదని మురియువారు ఈ మాటను దాచిపెట్టరాదు. ఆ కాలమున మాంసము మితముగా నుండుటకు ధర్మబుద్ధియొకటే కారణము కాదు. పేదఱికమును, కఱవును గూడ ఆ మితమును కాచినవి. 1876 మొదలు 1878 వఱకు మదరాసు రాజధానిని పీడించిన మహాక్షామములో మేత లేక పశువులు కుప్పలుగా కూలగా, ఆ యేండ్లలోనే మదరాసు రేవునుండి తోళ్ల యెగుమతి పెరిగెను.

మందకు మొదటి దెబ్బ పట్టణమునుండి గాక కచ్చేరినుండి తగిలినది. 1763లో ఆర్కాటు నవాబు చెంగల్పట్టు సీమను కుంఫిణీకి జాగీరుగా నిచ్చెను. పొన్నేరి ప్రాంతము అందులోనిదే. 1767 మొదలు 1774 వఱకు థామస్ బార్నార్డు ఆ జాగీరు గ్రామములను, సుమారు రెండువేలను, కొలిపించి ఇండ్లు, చెఱువులు, తోపులు, అడవులు, సాగునేల, సాగులేని నేల అని వేర్వేఱుగా లెక్క వ్రాయించెను. తరువాతి రెవెన్యూ యధికారులకు ఆ సాగులేని నేల శిస్తు రానిదిగా కనబడెను. మందకు మాత్రము అదియే పంటపొలము. 1882లో మదరాసు అటవీ చట్టము వచ్చినపిమ్మట, తాత ముత్తాతలు అడుగకయే మేపుకొన్న గుట్టలు రిజర్వు అడవులై, తలకింతయని మేపుడు రుసుము కట్టినగాని మంద లోపల కాలుపెట్టరాదయ్యెను. ఈ రుసుమే, పుల్లరియే, పలనాటిలో ప్రజలను దొరతనముపై తిరుగబడునట్లు చేసినది. మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసుల తుపాకిగుండ్లకు బలియైనది ఈ గడ్డికొఱకే. నాగలాపురము, సత్యవేడు కొండలనుండి కవరైపేట్టై మడులకు దిగివచ్చు గొల్లలకు అట్టి నాయకుడు లభింపలేదు. వారు రుసుము కట్టిరి, లేదా మందను తగ్గించుకొనిరి.

1899లో బెజవాడకును మదరాసుకును రైలుమార్గము కలసెను. ఈ యూరికిని స్టేషను వచ్చెను. పట్టణపు కటికదుకాణములు, తోళ్ల కర్మాగారములు, రెండును మందలను తమవైపు లాగసాగినవి. 1903లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టను మదరాసులో క్రోముతో తోలు ఊనించు ప్రయోగములు మొదలుపెట్టెను. తంగేటి చెక్కకు పోటీ యేర్పడినది. అయినను చాలకాలమువఱకు మంద మడిని విడువలేదు. పట్టణమునకు పోయినది మగపిల్లలే. ఆడు గొఱ్ఱెలు తడకలలోనే యుండినవి.

మడినుండి విడిపోయిన పశువు ఏమగునో తెలిసికొనుటకు మన జిల్లాల పశువే సముద్రము దాటిపోయి ఉదాహరణముగా నిలిచినది. ఒంగోలు ఎద్దు మనయొద్ద దుక్కికిని, బండికిని, ఆవు పాలకును. 1868లో ఇంగ్లండునకు పోవుచున్న ఓడయొకటి బ్రెజిలు దేశమున సాల్వడారు రేవులో ఆగి, అందలి ఒంగోలు జంటను అక్కడ విక్రయించినదని ఆ దేశపు పశుపోషకులు చెప్పుకొందురు. పదేండ్లకు లెంగ్రూబెరు అను భూస్వామి జర్మనీలోని హాంబర్గు జంతుశాలనుండి మఱికొన్నిటిని తెప్పించెను. 1960లలో ఒంగోలు ప్రక్కనున్న కరవది పేరుతో పోయిన ఆబోతు అచటి వంశావళులలో మూలపురుషుడయ్యెను. మన నెల్లూరి పేరుననే వారు వానిని నెలోరి యని పిలుచుచున్నారు. నేడు బ్రెజిలులో ఇరువదికోట్లకు మించిన పశువులున్నవి. మాంసపు పశువులలో అధికభాగము ఈ రక్తమువే. అచట అది దున్నదు, బండి లాగదు, ఎవరి మడికిని ఎరువు వేయదు. దానికి మేత కావలెనని అమెజాను అడవిని నఱకి, కాల్చి, బీడుచేయుచున్నారు. ఆ యడవిలో నఱకిన నేలలో ఎక్కువ భాగము పచ్చికబీడుగానే మాఱినది. జాతి యదే, ఓర్పు అదే, ఎండకు తట్టుకొను మూపురము అదే. మాఱినది, ఆ పశువుతో మనుష్యుడు పెట్టుకొన్న పని.

కవరైపేట్టైకి దక్షిణముగా మణలిలో, 1966లో స్థాపితమైన మదరాసు ఫెర్టిలైజర్సు సంస్థ 1971లో యూరియా తయారుచేయ నారంభించెను. ప్రక్కనున్న చమురుశుద్ధి కర్మాగారము నుండి వచ్చు నాఫ్తా అప్పుడు దానికి ముడిసరకు. ఆ నాటికే ఐ.ఆర్. 8 మొదలగు పొట్టి వరి వంగడములు వచ్చియుండినవి. అవి తొందరగా పండును, నత్రజనిని మెండుగా కోరును. బోరుబావులు పడినవి. సంబా కోసినవెంటనే నవరై యను మఱియొక వరి నాటిరి. వేసవిలో ఎండి పగిలెడి మడి యిక పచ్చగానే యుండెను. మందకు దిగుటకు చోటు లేదు, రైతునకు దాని యవసరమును లేదు. ఒక సంచి యూరియాను భుజముపై మోసికొనిపోయి చల్లగలిగినవాడు వారముదినములు గొల్లలకు అన్నము పంపుచు కూర్చుండడు గదా. ఇందులో రైతును తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. ఆకలి దేశమునకు బియ్యము ఆతడే పెట్టెను. కాని నీటికిని హద్దున్నది. 1960ల చివరినుండి మీంజూరు, పంజెట్టి, తామరైపాక్కము బావులనుండి మదరాసు పట్టణమునకు భూగర్భజలమును తోడిరి. మీంజూరు వైపున సముద్రపుటుప్పు నేలక్రింద మైళ్లకొలది లోనికి చొచ్చుకొనివచ్చినది. పంజెట్టి కవరైపేట్టైకి ఇరుగుపొరుగు. అటుపిమ్మట గుమ్మిడిపూండిలో కర్మాగారపు పేటలు, రాచబాట పొడవున కళాశాలలు, గిడ్డంగులు, రాళ్లు పాతిన ఇండ్లస్థలములు.

మంద తగ్గినను మాంసము తగ్గలేదు, పెరిగినది. తెలుగువాడైన బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హాచరీసును నెలకొల్పి, మన దేశములో కోళ్ల పెంపకమును పరిశ్రమగా మార్చెను. బ్రాయిలరు కోడి నలువది దినములలో అమ్మకమునకు వచ్చును. కిలో బరువు పెరుగుటకు కిలోముప్పాతిక లోపుగనే మేత చాలును. ఇది అద్భుతమే. వారమున కొకమారైనను మాంసము తినలేకపోయిన కూలివానికి అది అందుబాటులోనికి వచ్చుట మంచిదే. కాని ఆ మేత గట్టుమీది గడ్డి కాదు, మొక్కజొన్న, సోయాచిక్కుడు. ఆ కోడి రెట్ట పడునది షెడ్డులో, ఎవరి మడిలోనో కాదు.

ఇక లోకపు లెక్క. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2006లో, మనుష్యులవలన వాతావరణమున చేరు ఉష్ణకారక వాయువులలో నూటికి 18 పాళ్లు పశుపోషణవలననే యని ప్రకటించి, 2013లో ఆ లెక్కను సవరించి 14.5 పాళ్లని చెప్పినది. నెమరువేయు జంతువు త్రేన్పుతో మీథేను విడుచును. నూఱేండ్ల లెక్కలో అది బొగ్గుపులుసు గాలికంటె సుమారు 28 రెట్లు వేడిని పట్టియుంచును. కవరైపేట్టై గొఱ్ఱె యీ దోషమునకు అతీతము కాదు. కిలో మాంసమునకు లెక్కవేసిన, త్వరగా పెరుగు బ్రాయిలరుకంటె అదియే ఎక్కువ వాయువు విడుచును. ఈ మాటను మందల నభిమానించువారు మ్రింగివేయరాదు. అయితే అదే సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 2017లో మఱియొక లెక్క ప్రకటించిరి: లోకములోని పశువులు తినుదానిలో నూటికి 86 పాళ్లు మనుష్యుడు తినజాలనిది, తక్కిన దానికొఱకే ప్రపంచపు తిండిగింజలలో సుమారు మూడవవంతు ఖర్చగుచున్నది. ఈ రెండును కలిపి చదివినవారికి, గొఱ్ఱెకును కోడికిని ఒకే తక్కెడ పనికిరాదని తోచును. కిలో మాంసమునకు వాయు వెంతయని యడుగుట యొక ప్రశ్న. ఆ మాంసము ఎవరి నోటి గింజను తీసికొన్నది, ఏ నేలకు ఏమి తిరిగి యిచ్చినది, ఎంత యూరియాను, ఎంత నాఫ్తాను తప్పించినది యని యడుగుట వేఱొక ప్రశ్న. నా మట్టుకు, ఈ సీమ చరిత్ర చెప్పుచున్నది యిది: నేల భరించునట్లు మాంసము తినవచ్చును, కాని యెంత తినవలెనో నిర్ణయించునది మేతయే గాని మన నాలుక కారాదు. ప్రతిదినము ప్రతి విస్తరిలో మాంసము కావలెనన్న యెడల ఏ గొల్లవాడును, ఏ మడియును దానిని తీర్పజాలవు.

2019 పశుగణనలో దేశమునందలి గొఱ్ఱెలు 7 కోట్ల 42 లక్షలు; అందులో తెలంగాణములో 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశమున 1 కోటి 76 లక్షలు, అనగా ఇంచుమించు సగము. తమిళనాట 45 లక్షలు. చెంగల్పట్టు దాపున కాట్టుపాక్కములోని పశుపరిశోధన కేంద్రములో మదరాసు ఎఱ్ఱ గొఱ్ఱె విత్తనమును కాపాడి మెఱుగుపఱచు పని జరుగుచున్నది. విత్తనము నిలిచినను, అది నిలుచుటకు నేల కావలెను. ఆ నేల ఇంకను పూర్తిగా పోలేదు. ఆరణియేటి గట్లు, చెఱువు పోరంబోకులు, మేత పోరంబోకులు గ్రామపు అడంగలులో నేటికిని వేర్వేఱు నంబర్లతో నున్నవి. పెక్కింటిపై ఇండ్లు లేచినవి, కొన్నిటిని సర్కారుతుమ్మ మూసినది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు జగపాల్ సింగు వ్యాజ్యములో, గ్రామపు ఉమ్మడి భూముల నాక్రమించినవారిని తొలగించి ఆ భూములను గ్రామమునకు తిరిగి యప్పగించు పథకములు సిద్ధపఱచవలెనని అన్ని రాష్ట్రములను ఆజ్ఞాపించినది. ఆ యాజ్ఞప్రకారము, గుమ్మిడిపూండి తాలూకా గ్రామములలో మేతకని వ్రాసియున్న నేల యెంత, మిగిలిన దెంత యను పట్టికను పంచాయతి గోడపై నంటించుట ఒక దినపు పని. నవరై వేయుటకు నీరు చాలని యేట, బీడుపడిన మడిలో మంద కట్టించుకొనగోరు రైతును, మేత వెదకుచు రాచబాట యంచున లారీల నడుమ జీవములను తోలుకొనిపోవు గొల్లవానిని కలుపుటకు ఆ పట్టిక చాలును.